అట్టల గది

చీకటి పడ్డాక ఆ సందులోంచి ఎవరూ నడవరు.

కాళ్లు నొప్పి పుట్టినా సరే, చుట్టూ తిరిగి పెద్దరోడ్డు మీదుగా పోతారు గాని ఆ సందు తొక్కరు. దీపాలు లేక కాదు, దీపాలున్నాయి. కుక్కల భయమూ కాదు. కుక్కలు కూడా అక్కడ పడుకోవు.

సందుకి ఒక పక్కంతా రీసైక్లింగ్ షెడ్డు వెనక గోడ. ఊళ్లో జనం పారేసిన గాజు, రేకు, ప్లాస్టిక్కు, కాగితం అన్నీ ఆ షెడ్డులోకే వస్తాయి. వాటిని ఏరి, వేరుచేసి, కట్టలు కట్టి పంపుతారు. ఆ వెనక గోడలో, మనిషి నడుమెత్తున, ఒక ఇనప తలుపుంది. పైకెత్తితే తెరుచుకుంటుంది, వదిలేస్తే దానంతటదే మూసుకుంటుంది. చుట్టుపక్కల దుకాణాలవాళ్లు కొట్లు కట్టేసే వేళకి ఖాళీ అట్టపెట్టెలు తెచ్చి, ఆ తలుపెత్తి లోపలికి తోసేసి పోతారు. లోపల ఒక గది. కిటికీ లేదు, దీపం లేదు. దాన్ని అట్టల గది అంటారు.

ఆ తలుపు రాత్రిపూట చప్పుడు చేస్తుంది.

గాలికి కొట్టుకునే చప్పుడు కాదు. ఇనుముతో ఇనుము మీద బాదిన చప్పుడు. ధన్... కాస్సేపు ఏమీ ఉండదు. మళ్లీ — ధన్... విన్నామని చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆగి, వెనక్కి తిరిగి చూశామని చెప్పేవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

అసలు కథ అందరికీ తెలిసిందే.

అట్టల గదికి నేల అంటూ లేదు, నేలంతా బెల్టే. గది నిండాక, షెడ్డు లోపల గోడకి ఇవతల నిలబడి మీట నొక్కితే ఆ బెల్టు కదులుతుంది. అట్టలన్నిటినీ మెల్లగా మోసుకుపోయి ప్రెస్సు నోట్లో పెడుతుంది. ప్రెస్సు వాటిని పిండి పిండి బీరువా అంత దిమ్మ చేస్తుంది. ఇనప తీగలతో బిగించి కడితే అదొక బేలు. మీట దగ్గర నిలబడ్డ మనిషికి గదిలో ఏముందో కనపడదు. యంత్రం రొదకి చెవులకి డిప్పలు పెట్టుకుంటారు కనక వినపడదు కూడా.

చలి రాత్రుల్లో, వాన రాత్రుల్లో, తల దాచుకోను చోటు లేనివాళ్లకి ఆ గది వెచ్చగా ఉంటుంది. తలుపెత్తుకుని దూరి, అట్టల మధ్య ముడుచుకుని పడుకుంటారు.

అందుకని అక్కడ ఒక పద్ధతి పెట్టారు. మీట నొక్కే ముందు షెడ్డు చుట్టూ తిరిగి సందులోకి పోవాలి. ఇనప కడ్డీతో తలుపు మీద గట్టిగా బాదాలి. "లోపలెవరు? బయటికి రండి" అని కేకెయ్యాలి. తలుపెత్తి, టార్చి కొట్టి, మూలమూలా చూడాలి. ఆ తర్వాతే వచ్చి మీట మీద చెయ్యి వెయ్యాలి.

ఒక రాత్రి, ప్రెస్సు నడిపే పాత మేస్త్రి ఆ పని చెయ్యలేదు.

ఎందుకు చెయ్యలేదో ఎవరికీ తెలీదు. ఆయన చెప్పలేదు. లోపల ఒక మనిషి నిద్రపోతున్నాడు... అంతవరకే చెబుతారు. ఆపైన అడిగితే మాట మారుస్తారు. ఏడాది తిరక్కుండానే మేస్త్రి కూడా పోయాడు.

అప్పట్నుంచీ ఆ చప్పుడు. చచ్చినవాడు లోపల్నుంచి తలుపు బాదుతున్నాడని, బయటికి రానివ్వమని అడుగుతున్నాడని అనుకుంటారు.

మేస్త్రి పోయాక ప్రెస్సు దగ్గరికి రామన్నారు అందరూ. చివరికి ఒప్పుకున్నది ఒక ఆడమనిషి.

నడివయసు ఆమెది. భర్త లేడు. పెళ్లీడుకొచ్చిన కూతురు, తను — ఇంట్లో ఇద్దరే. వేరే చోట్నుంచి కొత్తగా వచ్చి పనిలో చేరింది, మేస్త్రిని చూసి కూడా ఎరగదు. మాట తక్కువ మనిషి. అన్న ఒక్క మాటా సూటిగా తగిలేది.

"భయం లేదా అక్కా?" అని అడిగాడు ఫోర్క్‌లిఫ్టు డ్రైవరు, మొదటిరోజు. ఆమె ఈడువాడే గాని అందర్నీ అక్కా అనే అలవాటు అతనికి. బేళ్లు మోసుకుపోయి పెరట్లో పేర్చే పని అతనిది.

"చెవులకి డిప్పలుంటాయిగా. దెయ్యమొచ్చి పిలిచినా వినపడదు."

"పిలవదు. భుజం మీద చెయ్యేస్తుంది. అప్పుడేం చేస్తావ్?"

"గ్లౌజులేవి అని అడుగుతా."

అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఆమె పద్ధతి తప్పే మనిషి కాదు. ప్రతి బేలుకీ చుట్టూ తిరిగి వెళ్లేది, కడ్డీతో బాదేది, టార్చి కొట్టి చూసేది. చాలాసార్లు లోపల ఎవరూ ఉండేవారు కాదు. ఉంటే మాత్రం ఒకే మనిషి ఉండేవాడు.

ఆయన్ని అందరూ దొరగారు అనేవారు. ఇల్లూ వాకిలీ లేని ముసలాయన. "రోజుకో కొత్త పరుపు, రోజుకో కొత్త దిండు. ఇంత భోగం ఏ దొరకుంది?" అని ఫోర్క్‌లిఫ్టు డ్రైవరు పెట్టిన పేరది. దొరగారికి దెయ్యాల పట్టింపు లేదు. "నాకన్నా చెడిందేముంది దానికి? సర్దుకుని పడుకుంటాం ఇద్దరం" అనేవాడు.

ఆమె కడ్డీతో బాదితే లోపల్నుంచి ఆయన గొంతు వినిపించేది.

"చచ్చిపోయానమ్మా. రేపు రా."

"ముందు బయటికొచ్చి ఆ తర్వాత చావు."

"వానలోనా?"

"నీ ఇష్టం. బేలు కట్టేశాక మళ్లీ దూరుదువుగాని."

గొణుక్కుంటూ వచ్చేవాడు. ముందు తల, తర్వాత ఒక కాలు, ఆ తర్వాత ఒంటికి చుట్టుకున్న దుప్పటి. నీలం గళ్ల దుప్పటి. ఆమె ఇచ్చిందే. కూతురు చిన్నప్పుడు కప్పుకున్నది, పారెయ్యడానికి మనసొప్పక దాచింది. కిందటి చలికాలం దొరగారు కోటు గుండీల్లేక చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడితే, మర్నాడు సంచిలో తెచ్చి చేతిలో పెట్టింది. బేలు కట్టేదాకా ఆయన చూరు కింద నిలబడేవాడు. తన ఫ్లాస్కులో టీ ఉంటే ఒక మూత పోసిచ్చేది.

అంతే వాళ్లిద్దరి పరిచయం.

ఆ రోజు మధ్యాహ్నం పట్టిన వాన చీకటి పడ్డా వదల్లేదు.

ఆమె మోకాలు పొద్దుటి నుంచీ సలుపుతోంది. చుట్టూ తిరిగి సందులోకి వెళ్లే దారి నీళ్లతో నిండిపోయింది. కాలువ పొంగి, ఎక్కడ గుంటో ఎక్కడ నేలో తెలీకుండా ఉంది. సాయంత్రం నుంచి కట్టిన ప్రతి బేలుకీ ఆ నీళ్లలోనే వెళ్లి వచ్చింది. ప్రతిసారీ గది ఖాళీగానే ఉంది. బూట్లలో నీళ్లు. మేజోళ్లు పిండితే ధార కట్టాయి.

ఇంకొక్క బేలు మిగిలింది. అది కడితే ఇంటికి పోవచ్చు. షెడ్డులో అందరూ వెళ్లిపోయారు. ఆమె, ఫోర్క్‌లిఫ్టు డ్రైవరు మిగిలారు.

"అక్కా, ఒక్కటేగా. కానిచ్చెయ్యి, పోదాం," అన్నాడు అతను అవతల్నుంచి. బండిలోనే కూర్చుని ఆవలిస్తున్నాడు.

ఆమె కడ్డీ చేతిలోకి తీసుకుంది. షెడ్డు తలుపు దాకా వెళ్లింది. వాన చూసింది.

ఇప్పుడేగా చూసొచ్చాను... ఎవరున్నారు? ఈ వానకి దొరగారు ఎప్పుడో ఏ బస్టాండులోనో చేరుంటాడు. ఈ ఒక్కసారికి...

కడ్డీని గోడకి ఆనించి, వెనక్కి వచ్చింది.

చెవులకి డిప్పలు పెట్టుకుంది. మీట నొక్కింది.

బెల్టు కదిలింది. ప్రెస్సు మామూలుగానే మొదలెట్టింది. మామూలుగా అది పెద్ద నిట్టూర్పులా దిగుతుంది, ఒక్క విసురున. ఆ రోజు అలా దిగలేదు. సగంలో ఆగింది. ఇనప పలక వణికింది. ఆ వణుకు ఆమె బూట్ల అడుగు నుంచి, సలిపే మోకాలిదాకా పాకింది. అవతల్నుంచి ఎవరో ఎదురు నెడుతున్నట్టు...

ఆమె చెయ్యి ఎర్ర మీట మీదికి పోయింది. అది నొక్కితే యంత్రం ఆగిపోతుంది.

నొక్కేలోపే — టప్.

ఏదో విరిగింది. పలక కిందిదాకా దిగిపోయింది. తర్వాత అంతా మామూలే.

బేలు బయటికొచ్చింది. ఆమె వంగి తీగలు కట్టింది. ఒకటి, దాని పక్కన మరొకటి... కడుతున్న చేతులకి ఏమీ తెలీదు, అలవాటు మీద కడుతున్నాయి. చివరి తీగ బిగిస్తుంటే రెండు అట్టల మధ్య నుంచి ఏదో వేళ్లకి మెత్తగా తగిలింది.

నీలం గళ్లు.

ఆమె డిప్పలు తీసేసింది. ఆ గుడ్డ కొస పట్టుకుని లాగింది. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగింది. లోపల ఏదో దాన్ని పట్టుకున్నట్టుంది.

"దొరగారూ..." అంది. మళ్లీ అంది, బేలుకి నోరు ఆనించి. "దొరగారూ..."

పిండిన అట్టలు సర్దుకుంటూ చిటపటమన్నాయి. అంతే.

"ఏంటక్కా, బేలుతో ముచ్చట్లా?"

ఫోర్క్‌లిఫ్టు వెనకే వచ్చి నిలబడింది. దాని దీపాలు ఆమె మొహం మీద పడ్డాయి. ఒక్క మాట చాలు అప్పుడు. ఆపు. చూడు. ఏ మాటైనా సరే.

"ఏం లేదు," అంది.

అదే ఆమె నోట్లోంచి వచ్చింది. ఎలా వచ్చిందో ఆమెకీ తెలీదు. అతను ఈల వేసుకుంటూ బేలుని ఎత్తుకున్నాడు, పెరట్లోకి పట్టుకుపోయాడు. "పొద్దున్నే లారీ వస్తుంది. ముందు వరసలో పెట్టేస్తా," అని కేకేసి చెప్పాడు.

అతను వెళ్లిపోయాక ఆమె కడ్డీ తీసుకుని సందులోకి వెళ్లింది. వానలో, మోకాళ్లలోతు నీళ్లలో. తలుపు మీద బాదింది. చేతులు తిమ్మిరెక్కేదాకా బాదింది.

"లోపలెవరు? బయటికి రండి..."

తలుపెత్తి టార్చి కొట్టింది. గది ఖాళీ. ఒక్క అట్టముక్క కూడా లేదు. బెల్టు మీద తడి మెరుస్తోంది.

ఇంటికెలా వచ్చిందో గుర్తులేదు. కూతురు తలుపు తీసింది.

"తడిసి ముద్దయ్యావు. గొడుగేదమ్మా?"

"ఉంది."

"ఉంటే వేసుకోవాలి. చంకలో పెట్టుకుంటే వాన వెలిసిపోదు."

ఆమె వెళ్లి చేతులు కడుక్కుంది. సబ్బు పెట్టి కడిగింది. మళ్లీ కడిగింది. కూతురు కంచంలో అన్నం పెట్టి పిలిచింది. వచ్చి కూచుంది. ముద్ద కలిపింది. కలిపిన ముద్ద కలిపినట్టే ఉంది.

"ఏమైంది?" అంది కూతురు.

"ఏం లేదు." మళ్లీ అదే మాట. ఈసారి తన చెవికే వినపడింది. తలెత్తకుండా, "మా దగ్గర ఒకామె ఉందిలే," అంది. "చూడాల్సింది చూడకుండా యంత్రం వేసింది. లోపల మనిషున్నాడేమోనని... ఇప్పుడు అనుమానం."

"అయ్యో. ఎవరికైనా చెప్పిందా?"

"లేదు."

"ఎందుకని?"

"ఏమో. భయమేసుంటుంది."

కూతురు నీళ్ల గ్లాసు కింద పెట్టింది.

"ఇప్పుడెక్కడుందామె?"

"ఇంట్లో."

"ఇంట్లోనా?" అంది కూతురు. "ఇంట్లో కూచుని ఏం చేస్తోంది... అన్నం తింటోందా?"

మామూలుగా అడిగిన మాటే. ఆ పిల్లకేం తెలీదు. తన కంచం తీసుకుని లోపలికి పోయింది. తల్లి కలిపిన ముద్ద వంక చూస్తూ ఉండిపోయింది.

ఆ రాత్రి కళ్లు మూసుకుంటే చాలు, బూట్ల అడుగున ఆ వణుకు. ఎదురు నెడుతున్నట్టు... పడుకున్న మంచం కోడు వణుకుతున్నట్టనిపించి, లేచి చేత్తో పట్టుకుని చూసింది. బతికున్నాడేమో. ఊపిరాడక, ఇంకా... లారీ వస్తే, బేలు వెళ్లిపోతే, ఇక ఎప్పటికీ తెలీదు. తెలీకపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు లేచి కూచుంది.

తెల్లవారకముందే బయల్దేరింది. కూతురు నిద్రలోనే అడిగింది, "ఇప్పుడెక్కడికి?" అని.

"ఒక పని వదిలేసొచ్చాను."

వాన తగ్గింది గాని చూర్లు కారుతున్నాయి. గేటు దగ్గర కాపలా మనిషి కుర్చీలో కునికిపాట్లు పడుతున్నాడు. ఆమె పక్కనుంచి జారుకుంది. పనిముట్ల పెట్టెలోంచి కటింగ్ ప్లేయరు తీసుకుని పెరట్లోకి పోయింది.

బేళ్లు గోడలా పేర్చి ఉన్నాయి. ముందు వరసలో, చివరన, అది. తడి అట్టల వాసన, పులిసిన పాల వాసన, జిగురు వాసన. టార్చి వెలుగులో ఆ నీలం కొస నల్లగా కనపడింది.

మొదటి తీగకి ప్లేయరు పెట్టింది.

ధన్...

చెయ్యి ఆగిపోయింది.

చూరు నీళ్లు పడిన చప్పుడనుకుంది. అంతా నిశ్శబ్దం. టార్చి ఆర్పేసింది — ఎందుకు ఆర్పిందో ఆమెకే తెలీదు. చీకట్లో బేలుకి చెవి ఆనించింది. అట్టల లోపల్నుంచి చిటపట... చిటపట... గోళ్లతో గీకుతున్నట్టు.

ధన్...

"వస్తున్నా," అంది గుసగుసగా. "వస్తున్నా, ఉండు... తీస్తున్నా..."

తీగ తెగింది. బిగుతు వదిలిన వేగానికి కొస ఎగిరొచ్చి చెంప మీద గీసుకుపోయింది. తుడుచుకోలేదు. ఇంకొకటి. ఇంకొకటి. తడిసిన ప్లేయరు జారిపోతోంది. రెండు చేతులతో పట్టుకుని పిసుకుతోంది. నోట్లోంచి ఏవో మాటలు వస్తున్నాయి — తప్పయిపోయింది, తప్పయిపోయింది అని.

వెనకనుంచి ఆమె భుజం మీద చెయ్యి పడింది.

ఆమె ప్లేయరు ఎత్తి పట్టుకుని గిర్రున తిరిగింది.

"అక్కా... ఏం చేస్తున్నావ్?"

ఫోర్క్‌లిఫ్టు డ్రైవరు. లారీ కోసం ముందుగా వచ్చాడు. ఆమె మొహం మీది రక్తం చూశాడు, తెగిన తీగలు చూశాడు.

"దొరగారు..." అంది ఆమె. "ఇందులో ఉన్నాడు."

అతని మొహంలో నవ్వు రాబోయి ఆగిపోయింది.

"రాత్రి నువ్వు... తలుపు..."

ఆమె తల అడ్డంగా ఊపింది.

అతను ఆమె చేతిలోంచి ప్లేయరు తీసుకుని మిగిలిన తీగలు తనే కోశాడు. ఆఖరిది తెగేసరికి బేలు పెద్దగా ఊపిరి వదిలినట్టు ఉబ్బి, విచ్చుకుని, ఇద్దరి కాళ్ల మీదా కూలింది. ఇద్దరూ మోకాళ్ల మీద పడి అట్టలు లాగసాగారు. టార్చి నేలమీద దొర్లుతోంది. ఒక్కో అట్టా తీస్తుంటే, దాని కింద ఏం కనపడుతుందోనని ఆమె కళ్లు మూసుకుంటోంది. మూసుకున్నట్టు తెలిసి మళ్లీ తెరుస్తోంది.

నీలం దుప్పటి వచ్చింది. మొత్తం వచ్చింది.

దాని కింద అట్టలు. అట్టల కింద చుట్టచుట్టిన పాత తివాచీ, దాని నడుమ విరిగిన కర్ర. ఏ దుకాణంవాడో అట్టల్లో కలిపి పడేసిన తివాచీ. ఆ కింద మళ్లీ అట్టలు.

మనిషి లేడు.

అడుగుదాకా చూశారు. లేడు. రక్తం లేదు, జుట్టు లేదు, చెప్పు లేదు.

"ఇదీ నీ దొరగారు," అన్నాడు డ్రైవరు, తివాచీని కాలితో తన్ని. "కర్ర అడ్డంపడి ప్రెస్సు పట్టేసింది. అంతే."

"చప్పుడు..." అంది ఆమె. "చప్పుడు వినపడింది."

"తడిసిన అట్టలక్కా. ఉబ్బుతాయి, తీగలు లాగుతాయి, చప్పుడవుతుంది. రాత్రంతా నిద్రపోకపోతే కాకి రెక్క కూడా ఉరుములాగే వినపడుతుంది."

ఆమె ఆ అట్టల మధ్యే కూలబడింది. దుప్పటి ఒళ్లో పెట్టుకుంది. ఏడుపు రాలేదు. నవ్వూ రాలేదు. చేతులు మాత్రం దుప్పటిని మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెడుతున్నాయి. డ్రైవరు ఒక మాటన్నాడు, అటు తిరిగి అట్టలు పోగేస్తూ. "నేను కూడా కానిచ్చెయ్యి అన్నాను అక్కా. నాకు గుర్తుంది."

తెల్లగా వెలుగొచ్చింది. గేటు దగ్గర ఏదో గొడవ వినపడింది. కాపలా మనిషి లేచాడు కాబోలు, ఎవర్నో అదిలిస్తున్నాడు. అవతలి గొంతు అంతకన్నా పెద్దగా ఉంది.

"నా దుప్పటి నాకిప్పించి, ఆ తర్వాత నీ గేటు నువ్వే మూసుకో నాయనా."

ఆమె లేచి నిలబడింది.

దొరగారు పెరట్లోకి వచ్చాడు. తడిసిన కోటు, బురద కాళ్లు. ఒక కాలికే చెప్పుంది. ఆమె చేతిలో దుప్పటి చూసి మొహం విప్పారింది.

"అమ్మయ్య. ఉందా? పిండేసి పంపేశావేమో అనుకున్నా." దగ్గరికొచ్చి చెంప మీది గాటు చూశాడు. "ఇదేంటమ్మా, పిల్లి గీరిందా?"

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. పట్టుకుని, వేళ్లు, మణికట్టు, మోచెయ్యి తడిమి చూసింది. ఆయన కంగారుపడ్డాడు.

"రాత్రి..." అంది. "రాత్రి నువ్వు లోపలే..."

"ఉన్నాను మరి. నువ్వు అంతకుముందు బేలు కట్టేశాక, కొత్త అట్టలు పడ్డాయో లేదో, ఇటు దూరాను. ఆ వానకి ఎక్కడికి పోను? ఒళ్లు వెచ్చబడి కన్నంటుకునేసరికి తలుపు బాదుడు. నువ్వే అనుకుని, చచ్చిపోయానమ్మా రేపు రా అన్నాను. నువ్వు కాదు. ఎవరో పెద్దాయన." ఆయన దుప్పటి భుజాన వేసుకున్నాడు. "మంచి పని చేశావు తల్లీ, నీకు కాలు బాగాలేకపోయినా మనిషిని పంపావు. ఆయన రాకపోతే ఈపాటికి నేను బేలే. నీకు పుణ్యముంటుంది."

ఆమె నేల చూపులు చూసింది. నేను పంపలేదు అనాలి.

"ఏ పెద్దాయన?" అన్నాడు డ్రైవరు.

"మీ వాడే. మాటా పలుకూ లేదు. తలుపెత్తి, చెయ్యి లోపలికి పెట్టి, నా రెక్క పట్టుకుని లాగేశాడు. దుప్పటి తీసుకోనిస్తేనా? చెప్పు తొడుక్కోనిస్తేనా? చెయ్యి మంచుగడ్డలా ఉంది, వానలో ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో పాపం. మోకాళ్లకి అట్టముక్కలు కట్టుకున్నాడు, పురికొసతో."

డ్రైవరు చేతిలోని అట్ట జారి కింద పడింది.

ఆమె అతని వంక చూసింది. అతను పెదాలు తడుపుకున్నాడు.

"తీగలు కట్టేటప్పుడు కింద కూచోవాలిగా... నొప్పెట్టకుండా అలా కట్టుకునేవాడు," అన్నాడు, ఆమెకి మాత్రమే వినపడేట్టు. "ఆయన తర్వాత ఇంకెవరూ కట్టుకోలేదక్కా."

"ఎవరు?"

"పాత మేస్త్రి."

దొరగారికి ఆ మాటలు వినపడలేదు. ఆయన తన ధోరణిలో తను ఉన్నాడు.

"మనిషికి కాస్త చాదస్తం ఉన్నట్టుంది. నన్ను బయటికి లాగాక, లోపల ఇంకెవరున్నారు అన్నాడు. ఎవరూ లేరయ్యా, నేనొక్కణ్ణే అన్నాను. ఉన్నాడు, ఇంకొకడున్నాడు అన్నాడు. లేడయ్యా బాబూ అని ఒట్టు పెట్టినా వినడే. తలుపెత్తుకుని తనే లోపలికి దూరాడు. మోకాళ్ల మీద పాక్కుంటూ, ఒక్కో అట్టా ఎత్తి చూస్తున్నాడు... పేరు పెట్టి కాదు, లే నాయనా, లే నాయనా అంటున్నాడు."

చూరు నుంచి నీటిచుక్క పడింది. అంత చప్పుడుకీ డ్రైవరు ఉలిక్కిపడ్డాడు.

దొరగారు ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. ఆమె మొహంలోకి, డ్రైవరు మొహంలోకి మార్చి మార్చి చూశాడు.

"నేను సందు మలుపు తిరగలేదు, నువ్వు యంత్రం వేసేశావు," అన్నాడు నెమ్మదిగా. "ఆయనింకా లోపలే ఉన్నాడు."

డ్రైవరు మెల్లగా సందు వైపు తల తిప్పాడు.

"బయటికొచ్చాడా అమ్మా?"